పరదేశంలో పట్టభద్రుడు

నాంపల్లి రైల్వే స్టేషను నుండి ఆబిద్స్ కూడలి వరకు గల దారి అరగంట నడక కూడ కాదు. ఐనా మన నగర విద్యార్థి జీవితంలోని ముఖ్యమైన కాగితాలు అనేకం ఈ దారి చుట్టుపట్లనే పుడతాయి. పదవ తరగతి సర్టిఫికెట్టులో తప్పుపడిన తండ్రిపేరు దిద్దించుకొనుటకు చాపెల్ రోడ్డులోని పరీక్షల కార్యాలయం, ఇంటర్మీడియెట్ మెమో కొరకు నాంపల్లి విద్యాభవన్, దరఖాస్తులు పంపుటకు ఆబిద్స్‌లోని జనరల్ పోస్టాఫీసు. ఇవిగాక ఏ సందులోకి తొంగిచూసినా జిరాక్సు యంత్రాలు, ట్రావెల్ ఏజెన్సీలు, 'అటెస్టేషన్ చేయించబడును' అనే బోర్డులు.

చంకలో కాగితాల సంచీతో ఈ దారిలో తిరిగే మా పూర్వ విద్యార్థులు మాకు ప్రతి ఏటా ఎదురవుతుంటారు. ఎక్కడికి ప్రయాణమని అడిగితే జెద్దా అనో, దుబాయి అనో, టొరంటో అనో, ఈమధ్య ఫ్రాంక్‌ఫర్టు అనో చెబుతారు. అక్కడ ఏ పని అని అడిగితే మాత్రం జవాబు అంత స్పష్టంగా రాదు. "డిగ్రీ ఉన్నది గదా సార్, ఏదో ఒకటి దొరుకుతుంది" అంటారు. ఆ 'ఏదో ఒకటి' అనే మాటను గూర్చియే ఈ వ్యాసం. చదువుకున్న మనిషి పరాయి దేశంలో కాలుమోపిన తరువాత తన చదువుకు తగిన పని ఎందుకు వెంటనే దొరకదు? దొరకవలెనంటే ఏమేమి దాటవలె? ఏవి ఇక్కడే సిద్ధం చేసికొనవచ్చును? ఈ మూడు ప్రశ్నలకు మాకు తెలిసినంతలో సమాధానం చెప్పుటకు ప్రయత్నిస్తాము.

ఒక ఫోను సంభాషణ

ఈ వ్యాసం వ్రాయుటకు కారణమైనది ఒక ఫోను. మా పూర్వ విద్యార్థి ఒకరు ఎం.కాం. పూర్తిచేసి, ఎనిమిదేళ్ళు నగరంలోని ఒక వ్యాపార సంస్థలో లెక్కలు చూచి, కెనడాలో శాశ్వత నివాసానుమతి సంపాదించి, భార్యాపిల్లలతో ఒంటారియో రాష్ట్రానికి వెళ్ళారు. వెళ్ళిన పద్నాలుగు నెలలకు ఫోను చేశారు. సలాములు, క్షేమసమాచారాలు అయినవి. పని ఎట్లున్నది నాయనా అని అడిగాము. కొంచెం సేపు పలుకలేదు.

"రాత్రిపూట ఒక గోదాములో పెట్టెలు సర్దుతున్నాను సార్. మన ఎం.కాం. ఇక్కడి మాస్టర్స్ డిగ్రీతో సమానమని కాగితం ఇచ్చారు. నా డిగ్రీ చెల్లింది సార్. నేనే చెల్లలేదు."

ఆ తరువాత చెప్పిన మాట మమ్ములను మరింత బాధించింది. ఒకచోట చిన్న లెక్కల ఉద్యోగానికి పిలిచి మాట్లాడారట. వెళ్ళేముందు మేము వ్రాసి ఇచ్చిన యోగ్యతాపత్రాన్ని చూపించారట. ఆ అధికారిణి చదివి, "మీ గురువుగారు మీరు మంచివారని వ్రాశారు. మీరేమి చేయగలరో వ్రాయలేదే" అన్నదట.

ఫోను పెట్టేసి పాత ఫైలు వెదికి ఆ ఉత్తరపు నకలు తీసి చూచుకున్నాము. 'సత్ప్రవర్తన కలవాడు, కష్టపడువాడు, ఉజ్జ్వల భవిష్యత్తు కోరుచున్నాము.' నాలుగు పంక్తులు, సంతకం, రబ్బరుముద్ర. అదే ఉత్తరాన్ని పేరు మార్చి ఎంతమందికి ఇచ్చామో లెక్కలేదు. ఆమె చెప్పినది నిజమే. అందులో ఆ విద్యార్థి లేడు.

మన నగరం ఎరిగిన కథ

పనిమంతుడు పరాయి ఊరికి వచ్చుట హైదరాబాదుకు క్రొత్త విషయం కాదు. మనం ఇప్పుడు అతిథి వైపు నుండి చూస్తున్న కథను మన నగరం ఒకప్పుడు ఆతిథేయి వైపు నుండి చూచింది. 'ఆబిద్స్' అనే పేరే ఒక పరదేశిది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉండి, ఇక్కడ దుకాణం తెరచిన ఆబిద్ అనే ఆర్మీనియను పేరుతో ఈ కూడలి స్థిరపడిపోయింది.

ఆబిద్స్ నుండి నాంపల్లి స్టేషనుకు పోవు దారిలో 'గోల్డెన్ త్రెషోల్డ్' అను పాత భవనం కలదు. సరోజినీ నాయుడు తండ్రిగారైన అఘోరనాథ చట్టోపాధ్యాయ నివసించిన ఇల్లు అది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం తన తొలి రోజులు ఆ ఇంటిలోనే గడిపింది. అఘోరనాథులు వంగదేశీయులు, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొంది నిజాం ప్రభుత్వపు ఆహ్వానంపై ఇక్కడికి వచ్చి ఆధునిక విద్యకు పునాది వేశారు, నిజాం కళాశాల చరిత్ర ఆయన పేరు లేనిదే మొదలుకాదు. ఐతే 1883లో చాందా రైలుమార్గపు వ్యవహారంలో ప్రభుత్వాన్ని ప్రశ్నించినందుకు ఆయనను రాజ్యం నుండి పంపివేశారు. తరువాత మరల రానిచ్చారు. ఎంతటి పండితుడైనా పరాయిచోట కొలువు ఎంత సన్నని దారంపై వ్రేలాడునో చెప్పుటకు ఈ ఒక్క సంగతి చాలును.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచిన పిదప, మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన సలహాల ఫలితంగానే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియైనవి. వీరందరిలో ఉన్న పోలిక ఒకటే: వీరిని పిలిచినవారున్నారు. పని ముందుగా సిద్ధమై, మనిషి తరువాత వచ్చాడు. నేడు మన పట్టభద్రుడు బయలుదేరునప్పుడు మనిషి ముందు వెళుతున్నాడు. పనిని తరువాత వెదుకుకొంటున్నాడు. ఈ తేడాను గుర్తించకపోవుటలోనే సగం నిరాశకు మూలం ఉన్నది.

ఈ చరిత్రలో రెండవ పార్శ్వం కూడ కలదు. బయటివారు పెద్ద కొలువులన్నీ ఆక్రమిస్తున్నారని స్థానికులు బాధపడగా, 1919లో ఏడవ నిజాం ముల్కీ నిబంధనలను ఫర్మానా ద్వారా స్థిరపరచారు. ఇక్కడ పుట్టినవాడు గాని, పదిహేనేళ్ళు స్థిరనివాసం ఉన్నవాడు గాని ముల్కీ; తక్కినవాడు గైర్‌ముల్కీ. 1952లో ఈ ప్రశ్నపై మన వీధులలో రక్తం చిందింది. 1973లో ఆ నిబంధనలు రద్దైనవి. స్థానికుని బాధలో న్యాయం ఉన్నదని మనకు తెలుసు. మన పెద్దలు ఆ బాధ పడినవారే. కనుక నేడు టొరంటోలోనో రియాద్‌లోనో మన పిల్లవానిని 'ఇక్కడి అనుభవం ఉన్నదా?' అని అడిగినప్పుడు అది మనకు తెలియని భాష కాదు. ప్రతి దేశానికి తన ముల్కీ నిబంధన ఒకటి ఉంటుంది. కొన్నిచోట్ల చట్టంలో, కొన్నిచోట్ల మనసులో.

నాలుగు ద్వారాలు

పరదేశంలో తగిన ఉద్యోగం చేరుటకు నాలుగు ద్వారాలు దాటవలెనని మా పరిశీలన. ముద్ర, తుల్యత, అనుమతి, నమ్మకం. మనవారిలో పెక్కుమంది మొదటి ద్వారం దగ్గరనే డబ్బు, ఓపిక ఖర్చుచేసి, నాలుగూ దాటినామని భ్రమపడుతున్నారు.

మొదటిది ముద్ర. ఈ సర్టిఫికెట్టు నిజమైనదే అని మన ప్రభుత్వం చెప్పుట. 1961 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం 2005లో చేరినందున, అందులోని దేశాలకు వెళ్ళే కాగితంపై మన విదేశాంగ శాఖ 'అపోస్టిల్' అనే ముద్ర వేస్తుంది. సౌదీ అరేబియాలో ఈ ఒప్పందం 2022 డిసెంబరు నుండి, కెనడాలో 2024 జనవరి నుండి అమలులోనికి వచ్చింది. ఒప్పందంలో లేని దేశమైతే విదేశాంగ శాఖ ముద్ర పిదప ఆ దేశపు రాయబార కార్యాలయపు ముద్ర కూడ కావలె. అపోస్టిల్ కొరకు విదేశాంగ శాఖ తీసికొను రుసుము కాగితానికి 50 రూపాయలు మాత్రమే. తక్కినదంతా మధ్యవర్తుల సేవారుసుము. సందులోని బోర్డు చూచి వేలు ఇచ్చుటకు ముందు ఈ సంగతి గుర్తుంచుకొనవలె. ఈ ముద్ర 'కాగితం నిజం' అని మాత్రమే చెబుతుంది. చదువు విలువను గురించి ఒక్క మాట కూడ చెప్పదు.

రెండవది తుల్యత. మన డిగ్రీ వారి ఏ డిగ్రీతో సమానమో నిర్ణయించుట. కెనడా 1967లోనే వలసకు పాయింట్ల పద్ధతిని ప్రవేశపెట్టింది. 2013 నుండి నిపుణ వలసదారులు ముందుగానే తమ డిగ్రీలకు తుల్యత పత్రం తెచ్చుకొనవలెనని నియమం చేసింది. జర్మనీలో 2012 నాటి గుర్తింపు చట్టం ప్రకారం విదేశీ అర్హతను అక్కడి అర్హతతో పోల్చి చూపవలెనని అడిగే హక్కు అభ్యర్థికి కలదు. ఇక్కడ మన బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. విద్యార్థులు ఒక విషయం తెలిసికొనవలె. మన డిగ్రీ మూడేళ్ళది. అమెరికాలో డిగ్రీ నాలుగేళ్ళది. కనుక మూడేళ్ళ డిగ్రీని అక్కడ కొన్ని సంస్థలు పూర్తి డిగ్రీగా ఒప్పుకొంటాయి, కొన్ని ఒప్పుకొనవు. 2020 నాటి జాతీయ విద్యావిధానం నాలుగేళ్ళ డిగ్రీకి అవకాశం కల్పించింది. పరదేశపు ఆలోచన ఉన్నవారు ఈ తేడాను ప్రవేశం నాడే లెక్కలోనికి తీసికొనవలె. కళాశాలకు ఉన్న గుర్తింపు కూడ లెక్కకు వస్తుంది. 2018లో కువైట్ దేశం, మన జాతీయ అక్రెడిటేషన్ బోర్డు గుర్తించిన కళాశాలలలో చదివిన ఇంజనీర్లకే తమ ఇంజనీర్ల సంఘపు అంగీకారం లభించునని నియమం పెట్టగా, ఏళ్ళ తరబడి అక్కడ ఇంజనీర్లుగా పనిచేస్తున్నవారు సైతం చిక్కులలో పడ్డారు.

మూడవది అనుమతి, అనగా లైసెన్సు. ఇది వృత్తిని బట్టి మారుతుంది. వైద్యుడు, నర్సు, ఫార్మసిస్టు, న్యాయవాది, పాఠశాల ఉపాధ్యాయుడు మొదలైనవారి వృత్తులు దాదాపు అన్ని దేశాలలోను చట్టపు కట్టడి గలవి. అక్కడి వృత్తిమండలి లైసెన్సు లేనిదే ఆ పని చేయరాదు. మన వైద్యుడు అమెరికాలో పనిచేయవలెనంటే, 1956లో ఏర్పడిన విదేశీ వైద్యపట్టభద్రుల కమిషన్ ధ్రువీకరణ పొంది, పరీక్షలు వ్రాసి, అక్కడి ఆస్పత్రిలో రెసిడెన్సీ శిక్షణ మరల చేయవలె. ఇక్కడ పదేళ్ళు ప్రాక్టీసు చేసినవారికి కూడ సాధారణంగా ఇదే దారి. నర్సులకు అమెరికాలోను, 2015 నుండి కెనడాలోను ఒకే లైసెన్సు పరీక్ష కలదు. జర్మనీలో నర్సుకు జర్మను భాష తగినంతగా రానిదే గుర్తింపు పూర్తికాదు. సౌదీలో ఇంజనీరు అక్కడి ఇంజనీర్ల మండలిలో నమోదు కావలె. కెనడాలో లైసెన్సు ఇచ్చేది కేంద్రం కాదు, రాష్ట్రాలు; వలసకు అనుమతించినది ఒకరు, పనికి అనుమతించేది వేరొకరు. మా విద్యార్థివలె ఎందరో ఈ రెండింటిని ఒకటే అనుకొని వెళ్ళారు.

ఐతే అన్ని పనులకు లైసెన్సు అక్కరలేదు. లెక్కలు వ్రాయుట, కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట, సామగ్రి కొనుగోళ్ళు చూచుట, కార్యాలయ నిర్వహణ వంటివి చాలా దేశాలలో కట్టడి లేని పనులు. కెనడాలో చార్టర్డు అకౌంటెంటు అనే హోదాకు కట్టడి ఉన్నది గాని, ఒక దుకాణపు బిల్లుల లెక్క చూచే గుమాస్తాకు లేదు. కనుక తన వృత్తి కట్టడి గలదా, లేనిదా. కట్టడి గలదైతే దాని ప్రక్కనే కట్టడి లేని మెట్టు ఏది ఉన్నది అనేవి ప్రయాణానికి ముందే తెలియవలసిన సంగతులు. లైసెన్సు వచ్చుదాక వైద్యుడు ప్రయోగశాలలో పరిశోధన సహాయకుడు కావచ్చును, ఇంజనీరు చిత్రలేఖకుడు కావచ్చును, ఉపాధ్యాయుడు తరగతి సహాయకుడు కావచ్చును. తన వృత్తికి ఆనుకొని ఉన్న చిన్న పని, దూరంగా ఉన్న పెద్ద జీతం కంటె మేలు.

నాలుగవది నమ్మకం. దీనికి కార్యాలయం లేదు, రుసుము లేదు, దరఖాస్తు లేదు. అందుచేతనే ఇది అన్నిటికంటె కష్టమైనది. ఉద్యోగం ఇచ్చేవాడు తన మనసులో అడిగే ప్రశ్న ఇది: 'ఈ మనిషి రేపు ఉదయం నా బల్ల దగ్గర కూర్చుంటే పని నడచునా?' కెనడాలో ఈ సందేహానికే 'కెనడా అనుభవం' అని పేరు పెట్టారు. పని ఇవ్వనిదే అనుభవం రాదు, అనుభవం లేనిదే పని ఇవ్వరు. ఇది అన్యాయమని అక్కడివారే గుర్తించారు. 2013లో ఒంటారియో మానవహక్కుల కమిషన్, తగిన కారణం లేకుండా ఇట్లా కోరుట వివక్ష అని ప్రకటించింది. 2023లో ఆ రాష్ట్రపు ఇంజనీర్ల మండలి తన లైసెన్సుకు ఆ నిబంధన తీసివేసింది. 2024లో చేసిన ఒక చట్టం ద్వారా, ఉద్యోగ ప్రకటనలలో ఈ షరతు వ్రాయరాదని 2026 జనవరి నుండి అమలుచేశారు. ప్రకటన నుండి మాట తొలగింది. మనసు నుండి సందేహం తొలగించవలసిన భారం మాత్రం వచ్చినవానిపైననే ఇంకా మిగిలి ఉన్నది.

యల్లాప్రగడ వారి దారి

ఈ నాలుగు ద్వారాల కష్టం తెలుగువారిలో యల్లాప్రగడ సుబ్బారావుగారి కంటె ఎక్కువగా ఎవరు ఎరుగుదురు? 1895లో భీమవరంలో పుట్టిన ఈయన మద్రాసు వైద్య కళాశాలలో చదువునాడు ఖద్దరు కట్టి ఒక ఆంగ్ల ఆచార్యుని కోపానికి గురియైనారు. పూర్తి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టా దక్కింది. 1920వ దశకం తొలినాళ్ళలో బోస్టన్ చేరి హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదివారు. అక్కడ వైద్యునిగా పనిచేయుటకు ఆ పట్టా చాలలేదు. పొట్టగడుపుకొనుటకు ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా, రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే పని చేశారు.

ఇక్కడ మన విద్యార్థులు గమనించవలసినది ఆయన దైన్యం కాదు. ఆయన ఎన్నుకొన్న స్థలం. ఆయన రాత్రిపని ఆస్పత్రిలోనే చేశారు. పగలు ప్రయోగశాలను విడిచిపెట్టలేదు. 1925లో సైరస్ ఫిస్కేతో కలసి శరీర ద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1930లో పి.హెచ్.డి. పట్టా పొందారు. అప్పటికిని హార్వర్డు ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లే ప్రయోగశాలకు మారారు. అక్కడ ఆయన నాయకత్వంలోనే ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, ఆరియోమైసిన్ వంటి ఫలితాలు వచ్చినవి. 1948లో మరణించునాటికి ఆయన వయస్సు 53 ఏళ్ళు. పట్టా తెరవలేని తలుపును ఆయన చేతిపని తెరచింది. కాని ఆ తలుపు తెరచుకొనుటకు పట్టిన ఏళ్ళను మనం మరువరాదు. అందరికి అంతటి ప్రతిభ ఉండదు. అన్ని కుటుంబాలు అన్ని ఏళ్ళు ఆగలేవు. కనుకనే ముందస్తు సిద్ధత అవసరం.

మన నగరపు పండితుడు డాక్టరు మహమ్మద్ హమీదుల్లాగారి జీవితం మరొక పాఠం. ఉస్మానియాలో చదివి, అక్కడనే బోధించిన ఆయన, 1930వ దశకంలోనే బాన్ నగరంలోను, పారిస్‌లోను డాక్టరేటులు పొందారు. 1948 తరువాత పారిస్‌లో ఏ దేశపు పౌరసత్వం లేకుండ నిలిచిపోయినప్పుడు ఆ ఫ్రెంచి పట్టా, ఆ ఫ్రెంచి భాష ఆయనకు ఆధారమైనవి. అక్కడి జాతీయ పరిశోధన కేంద్రంలో దీర్ఘకాలం పనిచేశారు. ఆతిథ్యదేశపు భాష, ఆ దేశం గుర్తించిన ఒక చిన్న అర్హత. ఈ రెండు చేతిలో ఉన్నవాడు పూర్తిగా పరదేశి కాడు.

బయలుదేరుటకు ముందు

ఈ చర్చ నుండి కొన్ని ఆచరణయోగ్యమైన సంగతులు తేల్చి చెబుతాము.

మొదటిది, కాగితాలు ఇక్కడ ఉన్నప్పుడే సంపాదించవలె. మార్కుల మెమోలు చాలవు. విశ్వవిద్యాలయం సీలువేసిన కవరులో ఇచ్చే ట్రాన్స్‌క్రిప్టు, చదివిన ఏళ్ళ సిలబసు ప్రతి, ప్రయోగశాల గంటల వివరం కావలె. పేరు అన్ని కాగితాలపై ఒకే విధంగా ఉండవలె. మన ఇళ్ళలో 'మహమ్మద్' ఒకచోట పూర్తిగా, ఒకచోట 'ఎం.డి.' అని, పాస్‌పోర్టులో వేరొక వర్ణక్రమంలో వ్రాయుట మామూలు. చాపెల్ రోడ్డులో ఒక దరఖాస్తుతో దిద్దబడే ఈ తేడా, విమానమెక్కిన తరువాత నెలల వ్యవహారమవుతుంది.

రెండవది, పనిచేసిన సంస్థల నుండి వివరమైన అనుభవపత్రం తీసికొనవలె. 'వీరు మావద్ద పనిచేశారు' అని గాక, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు, ఏ హోదాలో, రోజువారీ ఏ పనులు, ఎంతమంది క్రింద ఉండగా, ఏ యంత్రాలు లేక ఏ కంప్యూటరు సాధనాలతో చేశారో ఉండవలె.

మూడవది, ఏజెంటు మాట నమ్ముటకు ముందు అతని లైసెన్సు చూడవలె. 1983 నాటి వలస చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే సంస్థకు కేంద్రప్రభుత్వ లైసెన్సు ఉండి తీరవలె. ఉద్యోగార్థి నుండి ఆ సంస్థ తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి.; అంతకు మించరాదు. లైసెన్సు ఉన్నదో లేదో 'ఈ-మైగ్రేట్' అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూచుకొనవచ్చును. తెలంగాణ ప్రభుత్వానికి 'టామ్‌కామ్' అనే సొంత సంస్థ కూడ కలదు. మరొక సంగతి: పదవ తరగతి దాటినవారి పాస్‌పోర్టుకు వలస అనుమతి అక్కరలేదు. ఇది సౌకర్యమని మనం సంతోషిస్తాము. కాని దాని అర్థం, చదువుకున్నవాని ఒప్పందాన్ని వలసాధికారి చదివి చూచుట లేదని కూడ. కనుక తన ఒప్పందం తానే చదువుకొనవలె. హోదా, జీతం, పనిగంటలు, ఒప్పందంలో వ్రాసిన పని, వీసాపై వ్రాసిన పని ఒకటేనా అని చూడవలె. సందర్శకుల వీసాపై వెళ్ళి పని వెదకుకొనవచ్చుననే మాటను వినరాదు. సందర్శకుని వీసాపై పనిచేయుట అక్కడి చట్టానికి విరుద్ధం.

నాలుగవది, చేరిన తొలి ఆరునెలలకు ఖర్చుల లెక్క వేసికొని, ఆ కాలంలో కొన్ని గంటలైనా తన వృత్తికి కేటాయించవలె. గోదాములోను, దుకాణంలోను చేసే పనిలో అవమానమేమీ లేదు. హలాలైన శ్రమ ఏదైనా గౌరవమైనదే. ప్రమాదం వేరొకచోట ఉన్నది. అలసట, అప్పు, వచ్చే జీతం కలసి మనిషిని అక్కడనే ఆపివేస్తాయి. రెండేళ్ళు గడిచేసరికి తన పాత పని నుండి 'విరామం' వచ్చినదని ఉద్యోగదాతలు వెనుదీస్తారు. కనుక చిన్న పనికి ఒక గడువు పెట్టుకొనవలె. ఆ గడువులో స్థానికంగా ఒక చిన్న కోర్సు, వృత్తిసంఘంలో సభ్యత్వం, తన పనిలో ఉన్నవారితో పరిచయం. ఈ మూడింటిలో ఒకటైనా సంపాదించవలె. తెలిసినవారిని అడుగుటకు మనవారు సిగ్గుపడతారు. 'ఉద్యోగం ఇప్పించండి' అని అడుగుట వేరు. 'ఈ పనిలో ఇక్కడి పద్ధతి ఏమిటి, పది నిమిషాలు చెప్పండి' అని అడుగుట వేరు. రెండవదానికి కాదనేవారు తక్కువ.

కళాశాల పాలకవర్గానికి విన్నపం

పాలకవర్గ సభ్యులు ఈ సంచికను చదువుతారు కనుక వారికి కూడ రెండు మాటలు. గల్ఫ్ దేశాల లైసెన్సు మండలులు గాని, తుల్యత సంస్థలు గాని నేడు అభ్యర్థి చూపిన కాగితంతో తృప్తిపడవు. కాగితం ఇచ్చిన సంస్థకే నేరుగా వ్రాసి, 'ఇతడు మీ విద్యార్థియేనా?' అని అడుగుతాయి. ఆ ప్రశ్నకు జవాబు వచ్చుదాక దరఖాస్తు ముందుకు సాగదు. అట్టి లేఖ ఒకటి మన కార్యాలయంలో పండుగ సెలవుల వలన, గుమాస్తా బదిలీ వలన కొన్ని వారాలు తెరవబడకుండ ఉండిపోయినది. ఆ వారాలలో ఒక పూర్వ విద్యార్థిని జీవితం ఆగిపోయినదని తరువాత తెలిసింది. ఎవరిని తప్పుపట్టుటకు ఈ మాట వ్రాయుట లేదు; అధ్యాపకులమైన మాకును ఆ లేఖల ప్రాముఖ్యం అంతవరకు తెలియదు.

కనుక మా విన్నపాలు స్వల్పమైనవి. ధ్రువీకరణ లేఖలకు ఒక నమోదు పుస్తకం, ఒక బాధ్యుడు, జవాబుకు ఒక వారం గడువు ఉండవలె. ప్రతి సంవత్సరపు సిలబసును ఉర్దూ, తెలుగు మాధ్యమాలవారికి గూడ ఆంగ్ల ప్రతితో సహా భద్రపరచవలె; పదేళ్ళ తరువాత వచ్చి అడిగినవారికి ఇవ్వగలుగవలె. చివరి సంవత్సరం విద్యార్థులకు ఒక పూట, వలస వెళ్ళినవారిలో ఒకరిని పిలిపించి, అక్కడి నిజస్థితి చెప్పించవలె. విజయాలు మాత్రమే గాక ఎదురుదెబ్బలు కూడ చెప్పగలవారు కావలె. వీటికి పెద్ద ఖర్చు లేదు.

అధ్యాపక మిత్రులకు మా మాట: విద్యార్థికి ఇచ్చే ఉత్తరంలో విద్యార్థి కనబడవలె.

మా విద్యార్థికి మేము రెండవ ఉత్తరం వ్రాశాము. ఈసారి రెండు సాయంత్రాలు పట్టింది. అతడు కళాశాల సహకార భాండారపు లెక్కలను ఒక ఏడాది ఒంటరిగా చూచినాడని, సంవత్సరాంతంలో తేలిన తేడాను దాచిపెట్టక తానే వచ్చి చెప్పి, మూడు రాత్రులు కూర్చుండి దాని మూలం పట్టుకున్నాడని, ఆ తప్పు తనది కాదని తేలిన పిదప కూడ తప్పుచేసిన తోటివాని పేరు బయటపెట్టలేదని వ్రాశాము. ఇవన్నీ మాకు మొదటినుండీ తెలిసినవే. వ్రాయవలెనని మాత్రం తోచలేదు.

కొన్ని నెలలకు ఒక చిన్న సంస్థలో బిల్లుల లెక్క చూచే పని దొరికిందని ఫోను వచ్చింది. ఉత్తరం వలననే దొరికిందని మేము చెప్పము. ఆ నెలలలో అతడు అక్కడి పన్నుల విధానంపై ఒక సాయంకాలపు కోర్సు కూడ చేశాడు. జీతం గోదాము జీతం కంటె పెద్ద ఎక్కువేమీ కాదట. "ఐనా పగటిపూట పని సార్, పిల్లలు నిద్రలేచేసరికి ఇంట్లో ఉంటున్నాను" అన్నాడు. చార్టర్డు పరీక్షలకు ఇంకా నాలుగైదేళ్ళు పడుతుందని, చదువుతానని చెప్పాడు.

నాంపల్లి దారిలో కాగితాల సంచీతో కనిపించే మా విద్యార్థులను ఇకమీదట మేము ఎక్కడికి వెళుతున్నావని ముందుగా అడుగము. ఏ పని చేయగలవు, దానికి రుజువేమున్నది అని అడుగుతాము. జవాబు దొరకనివారు ప్రయాణం మానుకొననక్కరలేదు. మా గదికి వచ్చి కూర్చుంటే, ఇద్దరం కలసి వ్రాసుకొందాము.